రాత్రి బ్యాకప్ వేళ పడిపోయే సర్వర్: డిస్కులు పీకకండి, విండోస్ మళ్లీ వేయకండి

ముందుగా ప్రశ్న క్లుప్తంగా. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. విండోస్ సర్వర్ 2019, రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపే కార్డు) మీద నాలుగు డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక), అందులో ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసు. నెల కిందట డ్రైవర్లన్నీ (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాములు) కొత్తవి వేశారు. రెండు వారాలుగా రాత్రి బ్యాకప్ మొదలైన కాసేపటికి బ్లూ స్క్రీన్ వస్తోంది. దాని మీద డీ1 అనే స్టాప్ కోడు (విండోస్ ఎందుకు ఆగిందో చెప్పే సంకేతం), స్టోర్‌పోర్ట్.సిస్ అనే పేరు. ఒక సర్వీసు ఇంజినీరు డిస్కులు మార్చమన్నారు, ఇంకొకరు విండోస్ తిరిగి వేయమన్నారు. ఏది చేయాలి?

రెండూ వద్దు. కనీసం ఈ వారం వద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం రెయిడ్ కార్డు డ్రైవర్‌కూ, కార్డులోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాముకూ, అంటే ఫర్మ్‌వేర్‌కూ, పొసగకపోవడం మీద ఉంది. దాన్ని ఎలా తేల్చుకోవాలో వివరంగా చెబుతాను. అంతకంటే ముందు, మీ ప్రశ్నలో మీరు పైకి అనని ప్రమాదం ఒకటుంది. సర్వర్ ప్రతి రాత్రీ బ్యాకప్ మధ్యలోనే పడిపోతోందంటే, రెండు వారాలుగా మీ దగ్గర పూర్తయిన బ్యాకప్ ఒక్కటీ లేదు. బ్లూ స్క్రీన్ కంటే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇదే.

మీ డేటాబేసులో ఉన్నవి జమాఖర్చులు మాత్రమే కాదు. ఏ రైతు చెరువు పట్టుబడి ఏ రోజు వచ్చింది, ఏ కౌంటు కింద గ్రేడింగ్ అయింది, ఏ లాట్ నంబరుతో ఏ కార్టన్‌లోకి వెళ్లింది, కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత ఎంత ఉంది, ఇవన్నీ అందులోనే ఉంటాయి. విదేశీ కొనుగోలుదారు ఒక కార్టన్ గురించి అడిగితే చెరువు దాకా వెనక్కి వెళ్లి చూపించాలి. ఆ రికార్డు పోతే సరుకు మంచిదైనా నిరూపించే దారి ఉండదు. అందుకే ఈ రోజే, పగలు పని తగ్గిన వేళ, మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత బ్యాకప్ ఆదేశంతోనే డేటాబేసును నెట్‌వర్కులోని మరో కంప్యూటర్‌కు పంపండి. చెక్‌సమ్ ఆప్షన్ (డేటా చెడిందేమో సరిచూసేది) తప్పకుండా పెట్టండి. ఆ ఫైలును ఇంకో యంత్రంలో రీస్టోర్ చేసి, అక్కడ డేటాబేసును తనిఖీ చేసే డీబీసీసీ చెక్‌డీబీ ఆదేశం నడిపి, తప్పులేవీ లేవని చూసుకోండి. తిరిగి తెరుచుకున్న బ్యాకప్‌నే బ్యాకప్ అనాలి. రెయిడ్ 5 ఉంది కదా అనుకోకండి. అది ఒక డిస్కు చచ్చిపోతే కాపాడుతుంది, డ్రైవర్ తప్పుడు సమాచారం రాస్తే ఆ తప్పునే నాలుగు డిస్కుల మీదా పొందికగా భద్రపరుస్తుంది.

ఇప్పుడు తెర మీది పేరు సంగతి. స్టోర్‌పోర్ట్ మైక్రోసాఫ్ట్ రాసిన డ్రైవర్, విండోస్ సర్వర్ 2003తో వచ్చింది. డిస్కులతో మాట్లాడే పనిలో అందరికీ ఉమ్మడిగా ఉండే భాగాన్ని అది చూసుకుంటుంది. ఏ కంపెనీ కార్డుకు ఆ కంపెనీ రాసే ప్రత్యేకమైన భాగం దాని కింద వేరుగా ఉంటుంది. దాన్ని మినీపోర్ట్ అంటారు. మెగాసాస్ అని మొదలయ్యే ఫైళ్లు అలాంటివే. ఎన్‌వీఎంఈ డిస్కులకు స్టోర్‌ఎన్‌వీఎంఈ, సాటా డిస్కులకు స్టోర్‌ఏహెచ్‌సీఐ అని మైక్రోసాఫ్ట్ సొంత మినీపోర్టులు కూడా ఉన్నాయి. కార్డు డ్రైవర్ జ్ఞాపకంలో (మెమరీలో) ఒక చెడ్డ చిరునామాను స్టోర్‌పోర్ట్ చేతికి ఇస్తే, దాన్ని ముట్టుకుని కుప్పకూలేది స్టోర్‌పోర్ట్. తెర మీద పడేది దాని పేరే. మన డెల్టాలో శివారు పొలానికి నీరు అందకపోతే ఆ పొలంలో తప్పు వెతకం, ఎగువన లాకుల దగ్గరకు వెళ్లి చూస్తాం. ఇక్కడా అంతే, స్టోర్‌పోర్ట్‌ను పిలిచింది ఎవరో చూడాలి.

డీ1 కోడు అర్థం కూడా తెలుసుకోండి, సగం పని అక్కడే అవుతుంది. కెర్నెల్‌లో, అంటే విండోస్ లోపలి గుండెలో, నడిచే ప్రతి పనికీ ఒక ప్రాధాన్య స్థాయి ఉంటుంది. డిస్కు నుంచి జవాబు వచ్చినప్పుడు దాన్ని అందుకునే కోడు స్థాయి 2లో గాని, ఇంకా పైన గాని నడుస్తుంది. ఆ స్థాయిలో ఉన్నప్పుడు ర్యామ్‌లో లేని పేజీ (జ్ఞాపకంలోని ఒక ముక్క) కావాలంటే తెచ్చుకునే వీలు లేదు. అలాంటి పేజీనో, అసలు ఎవరికీ చెందని చిరునామానో డ్రైవర్ ముట్టుకుంటే విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. ఇది మన మంచికే. కెర్నెల్‌లో అన్ని డ్రైవర్లూ ఒకే జ్ఞాపకాన్ని పంచుకుంటాయి. ఒకటి దారి తప్పిన తరువాత కూడా నడవనిస్తే, చెడిన సమాచారం మీ డేటాబేసులోకి ఎక్కుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అది స్టోరేజీ డ్రైవర్ కాదు గాని కారణం ఈ కోవలోనిదే: కెర్నెల్‌లో ఉన్న ఒక డ్రైవర్ చదవకూడని చోట చదివింది.

అయితే రాత్రి బ్యాకప్‌లోనే ఎందుకు? పగలు మీ గుమాస్తాలు రైతుల బిల్లులు కొడుతున్నప్పుడు డిస్కులకు వెళ్లే పని కొద్దికొద్దిగా ఉంటుంది. బ్యాకప్ మొదలవగానే ముందు షాడో కాపీ (ఆ క్షణంలో డేటా ఉన్న స్థితికి నకలు) పుడుతుంది, ఆ వెంటనే వేల అభ్యర్థనలు వరుస కడతాయి. చాలా కార్డులు తమ సొంత డిస్కు తనిఖీని కూడా రాత్రికే పెట్టుకుంటాయి. ఒక అభ్యర్థనకు గడువులోగా జవాబు రాకపోతే, విండోస్‌లో మామూలుగా ఈ గడువు 60 సెకన్లు, స్టోర్‌పోర్ట్ కార్డును రీసెట్ చేయమంటుంది. రీసెట్‌లో పాత అభ్యర్థనలన్నీ రద్దయి వాటి జ్ఞాపకం విడుదలవుతుంది. అప్పుడు కార్డు ఆలస్యంగా పాత జవాబు పంపి, డ్రైవర్ దాన్ని పాత చిరునామాలోనే వేయబోతే డీ1 వస్తుంది. రోజువారీ పనిలో ఎన్నడూ నడవని కోడు ఇది. డ్రైవర్లలో పురుగులు (బగ్‌లు) ఎక్కువగా దాక్కునే చోటు కూడా ఇదే.

సాక్ష్యం మీ ఈవెంట్ వ్యూయర్‌లో ఉంది. సిస్టమ్ లాగ్ తెరిచి, బ్లూ స్క్రీన్ వచ్చిన వేళకు ముందు అరగంట చూడండి. వెతకాల్సింది 129 నంబరు ఈవెంటు. రెయిడ్‌పోర్ట్‌కు రీసెట్ ఇచ్చినట్లు అందులో రాసి ఉంటుంది. దాని సోర్స్ గడిలో కనిపించేది మీ మినీపోర్ట్ డ్రైవర్ పేరు. తెర మీద రాని అసలు పేరు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. 153 ఉంటే ఒక అభ్యర్థనను మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని అర్థం, 11 ఉంటే కంట్రోలర్ లోపం, 7 ఉంటే డిస్కు మీద చెడిన భాగం. 7, 153 పదేపదే వస్తుంటే డిస్కు మార్చమన్న ఇంజినీరు మాటలో నిజం ఉండవచ్చు; అయితే రెయిడ్ కార్డు వెనక ఉన్న నాలుగు డిస్కులూ విండోస్‌కు ఒకే డిస్కుగా కనిపిస్తాయి, ఏది చెడిందో కార్డు లాగ్‌లోనే చూడాలి. 129 మాత్రమే, అదీ కొత్త డ్రైవర్ వేసిన తేదీ తరువాతే మొదలైతే, ఆయన మాట చాలావరకు తప్పే.

41 నంబరు ఈవెంటును చాలామంది చూసి కూడా వదిలేస్తారు. కెర్నెల్ పవర్ పేరుతో వస్తుంది. దాని వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ అని ఒక అంకె ఉంటుంది, అది దశాంశ పద్ధతిలో ఉంటుంది. డీ1 అక్కడ 209గా కనిపిస్తుంది. 209 బదులు 0 ఉన్న రోజుల్లో కరెంటు దెబ్బతో ఆరిపోయిందేమో ముందు చూడండి; అయితే యంత్రం బిగుసుకుపోయినా, పతనం వేళ కోడు నమోదు కాకపోయినా 0 రావచ్చు. మీ ప్లాంటుకు ఈ తేడా చాలా ముఖ్యం. బ్లాస్ట్ ఫ్రీజర్ కంప్రెసర్ నేరుగా లైన్ మీద మొదలయ్యేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజి కుంగుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే సందులోనూ ఇదే జరుగుతుంది. రెండు జబ్బులూ ఒకే సర్వర్‌కు ఉండవచ్చు. అప్పుడు ఒకదాని మందు రెండో దానికి పనిచేయక, ఏదీ పనిచేయలేదన్న భ్రమ కలుగుతుంది. అందుకే ప్రతి పతనానికీ వేళ, కోడు, అప్పుడు కంప్రెసర్లూ జనరేటరూ నడిచాయా లేదా అన్నది ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి.

తరువాతిది డంప్ ఫైలు, అంటే పడిపోయిన క్షణంలో జ్ఞాపకంలో ఉన్నదానికి నకలు. విండోస్ ఫోల్డర్‌లో మెమరీ.డీఎంపీ అని ఉంటుంది. కొత్తగా పడినప్పుడల్లా పాతదాని మీదే రాసేస్తుంది, ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి తేదీ పేరుతో దాచండి. మినీడంప్ ఫోల్డర్ ఉంటే అదంతా తీయండి. సర్వర్ మీద కాక మీ సొంత కంప్యూటర్‌లో విన్‌డీబీజీ వేసుకోండి, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తుంది. డంప్ తెరిచి ఎనలైజ్ ఆదేశం ఇస్తే నాలుగు పరామితులు వస్తాయి. మొదటిది ముట్టుకోబోయిన చిరునామా. రెండోది స్థాయి, మీకు 2 కనిపిస్తుందని నా ఊహ. మూడోది చదవడమా రాయడమా అన్నది, 0 అయితే చదవడం, 1 అయితే రాయడం. నాలుగోది ఆ పని చేసిన కోడు చిరునామా.

దాని దిగువన స్టాక్, అంటే ఏ కోడు దేన్ని పిలిచిందో చూపే జాబితా, వస్తుంది. అన్నిటికంటే పైన ఉన్నది చివరగా జరిగినది. మొదట కెర్నెల్ పేర్లు రెండు మూడు వరుసలు, వాటి కింద స్టోర్‌పోర్ట్, ఆ కింద మీ కార్డు డ్రైవర్ పేరు, ఇంకా కింద మళ్లీ స్టోర్‌పోర్టో కెర్నెలో ఉందనుకోండి. కార్డు డ్రైవర్ స్టోర్‌పోర్ట్‌ను పిలిచింది, స్టోర్‌పోర్ట్ పడిపోయింది అని చదువుకోవాలి. ఆ డ్రైవర్ పేరు మీద ఎల్ఎంవీఎం ఆదేశం ఇస్తే దాని తేదీ, వెర్షన్ వస్తాయి. ఒక్క డంప్‌తో తీర్పు చెప్పకండి. రెండు మూడు పోల్చండి. ప్రతిసారీ అదే డ్రైవర్, అదే చోటు అయితే అది చాలావరకు సాఫ్ట్‌వేర్ లోపం. ఒకసారి స్టోర్‌పోర్ట్, ఒకసారి నెట్‌వర్క్ డ్రైవర్, ఒకసారి ఇంకేదో వస్తుంటే ర్యామ్‌ను అనుమానించండి, సర్వర్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్ (హార్డ్‌వేర్‌ను విడిగా గమనించే చిప్పు) లాగ్‌లో మెమరీ లోపాలు నమోదై ఉన్నాయేమో చూడండి.

ఒకవేళ డంప్ అసలు లేకపోతే, అది కూడా ఒక సూచనే. విండోస్ బూట్ అయ్యేటప్పుడే స్టోరేజీ డ్రైవర్‌కు మరో ప్రతిని డంప్ అనే ముందుపేరుతో విడిగా లోడ్ చేసి ఉంచుకుంటుంది. పతనం వేళ జ్ఞాపకాన్ని డిస్కుకు రాసేది ఆ ప్రతే. అదీ అదే డ్రైవర్, అదే కార్డు మీదుగానే రాయాలి. కార్డు పలకని స్థితిలో ఉంటే రాయలేదు, శాతం అంకె తెర మీద 0 దగ్గరే నిలిచిపోతుంది. సీ డ్రైవ్‌లో పేజ్ ఫైలు (ర్యామ్‌కు తోడుగా డిస్కు మీద ఉండే ఫైలు) సరిపడా ఉందో లేదో చూడండి, అది లేకపోయినా డంప్ రాదు.

ఇంకొక అనుమానితుడు ఉన్నాడు, మీ బ్యాకప్ సాఫ్ట్‌వేరే. ఏ బ్లాకులు మారాయో గమనించడానికి ఇలాంటి సాఫ్ట్‌వేర్ కెర్నెల్‌లో సొంత ఫిల్టర్ డ్రైవర్ పెడుతుంది, యాంటీవైరస్ కూడా అంతే. ఫ్లట్‌ఎంసీ ఆదేశంతో ఫైలు స్థాయి ఫిల్టర్ల జాబితా వస్తుంది. స్టాక్‌లో కార్డు డ్రైవర్ కాక ఈ పేర్లలో ఒకటి కనిపిస్తే దారి అటు మళ్లించండి. డ్రైవర్ వెరిఫయర్ నడపమని ఎక్కడైనా చదివి ఉంటారు. నడుస్తున్న సర్వర్ మీద దాన్ని పెట్టకండి. తప్పు చేసే డ్రైవర్‌ను పట్టుకోవడానికి అది కావాలనే యంత్రాన్ని పడగొడుతుంది, బూట్‌లోనే పడగొడితే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీయాలి.

ఇప్పుడు మరమ్మతు. కార్డు డ్రైవరే అని తేలితే, నా సలహా ముందుకు కాదు, వెనక్కి వెళ్లమని. నెల కిందటి దాకా పాత డ్రైవర్‌తో సర్వర్ నిలబడింది, అంటే పాత డ్రైవరూ ఇప్పటి ఫర్మ్‌వేరూ కలిసి పనిచేస్తాయని ఇప్పటికే రుజువైంది. పైగా డ్రైవర్ మార్పును వెనక్కి తీసుకోవచ్చు. ఫర్మ్‌వేర్‌ను పాతదానికి దించడం కొన్ని కార్డుల్లో అసలు కుదరదు. డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్స్ కింద మీ కార్డును తెరిచి రోల్ బ్యాక్ నొక్కండి. బటన్ మసకగా ఉంటే తయారీదారు సైటు నుంచి పాత వెర్షన్ తెచ్చుకోండి. ఫర్మ్‌వేర్ ఆ తరువాత, మరో ఆదివారం. రెండూ ఒకే పూట మారిస్తే ఏది నయం చేసిందో, ఏది కొత్తగా చెడగొట్టిందో చెప్పలేరు.

బూట్ డిస్కు కూడా అదే కార్డు మీద ఉంటే డ్రైవర్ మార్చే ముందు విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ తయారు పెట్టుకోండి, అందులో పనిచేసిన డ్రైవర్ ఫైళ్లు వేసుకోండి. సరిపడని డ్రైవర్ పడితే 7బీ కోడుతో బూట్ ఆగిపోతుంది. రికవరీలో డిస్కులు కనిపించకపోతే డ్రవ్‌లోడ్ ఆదేశంతో డ్రైవర్ ఎక్కించండి. అప్పుడు డిస్మ్ ఆదేశంతో, పడి ఉన్న విండోస్‌లోని డ్రైవర్ల జాబితా తీసి, ఓఈఎం అని మొదలయ్యే ఆ డ్రైవర్ ఐఎన్ఎఫ్ ఫైలును (డ్రైవర్ వివరాల ఫైలు) తొలగించవచ్చు. అక్కడ మీ విండోస్ సీ అక్షరంతోనే ఉంటుందని అనుకోకండి, ముందు చూసుకోండి.

విండోస్ తిరిగి వేయడం ఎందుకు వద్దన్నానో మీకు ఈ పాటికి అర్థమయ్యే ఉంటుంది. విండోస్‌తో వచ్చే పాత డ్రైవర్‌తో సర్వర్ నిలబడుతుంది, అందరూ నయమైందనుకుంటారు, తరువాత ఎవరో డ్రైవర్లు కొత్తవి వేస్తారు, జబ్బు తిరిగి వస్తుంది. ఈలోగా తూకం యంత్రాల కనెక్షన్లు, లేబుల్ ప్రింటర్లు, లైసెన్సులు అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి, సాక్ష్యమూ చెరిగిపోతుంది. ఇక ఆరోగ్యంగా ఉన్న డిస్కును పీకడం ఇంకా ప్రమాదం. రెయిడ్ 5లో ఒకటి తీస్తే, మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదివితే గాని కొత్తది నిండదు. ఇప్పుడు సర్వర్‌ను పడగొడుతున్నది అంతటి భారమే. ఆ మూడింటిలో ఎక్కడైనా చదవలేని భాగం ఒకటి బయటపడితే దాన్ని పూరించే మరో ప్రతి ఉండదు.

గడువు 60 సెకన్లను రిజిస్ట్రీలో పెంచమని సలహా వస్తుంది. వద్దు. అది రీసెట్‌ను ఆలస్యం చేస్తుంది, కార్డు ఎందుకు పలకలేదో చెప్పదు. దానికంటే కార్డు బ్యాటరీ చూడండి. వేడికి బ్యాటరీ చచ్చిపోతే కార్డు రైట్ బ్యాక్ (రాతను ముందు తన జ్ఞాపకంలో ఉంచుకునే పద్ధతి) నుంచి రైట్ త్రూకు (నేరుగా డిస్కుకే రాసే పద్ధతి) మారుతుంది, రాతలు నెమ్మదిస్తాయి, గడువులు దాటడం మొదలవుతుంది. సర్వర్ గది కంప్రెసర్ గదికి ఆనుకుని ఉందా? మన తీరంలో తేమ ఎలాగూ ఎక్కువ, దానికి కారిన అమోనియా తోడైతే రాగిని తినేస్తుంది. కేబుళ్ల చివర్లలో, కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చని పూత కనిపిస్తే డ్రైవర్ చర్చ ఆపి ముందు వాటిని మార్చండి.

డిస్కుల ఫర్మ్‌వేర్‌ను కూడా మరువకండి. 2019 నవంబరులో హెచ్‌పీఈ తన కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. అవి 32,768 గంటలు నడిచాక పూర్తిగా పనిచేయడం మానేస్తాయి, లోపం ఫర్మ్‌వేర్‌లో ఉంది, సరిచేసిన వెర్షన్ వెంటనే వేసుకోండి అని. మూడేళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు కొని ఒకే రోజు పెట్టిన డిస్కులు కొద్ది తేడాతో అన్నీ ఒకేసారి పోతాయి, అప్పుడు ఏ రెయిడ్ అయినా ఏం చేస్తుంది? మీ డిస్కుల మోడల్, ఫర్మ్‌వేర్ రాసుకుని తయారీదారు హెచ్చరికల్లో ఒకసారి వెతకండి.

లినక్స్ సర్వర్ ఉన్నవారికి ఒక మాట. అక్కడ డిస్కు జవాబుకు ఉండే గడువు (స్కజీ గడువు) మామూలుగా 30 సెకన్లు. కార్డు పలకకపోతే యంత్రం వెంటనే పడిపోకపోవచ్చు, ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే అన్న స్థితిలోకి మారి, పైకి బాగున్నట్లే కనిపిస్తుంది. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ ఆదేశంలో 120 సెకన్లుగా నిలిచిపోయిన పనుల హెచ్చరికలు చూడండి, పతనం వేళ డంప్ తీసే కేడంప్‌ను ముందే సిద్ధం చేసి ఉంచండి.

డ్రైవర్ మార్చాక నయమైందని రాత్రి బ్యాకప్ చెప్పేదాకా ఆగకండి. ప్రాసెసింగ్ లేని పూట డిస్కు మీద భారం పెట్టి పరీక్షించే మైక్రోసాఫ్ట్ వారి డిస్క్‌స్పీడ్ తెచ్చి, ఖాళీ పరీక్ష ఫైలు మీద గంటసేపు భారం పెట్టండి. డేటాబేసు ఫైళ్ల జోలికి పోనివ్వకండి. 129 ఒక్కటి కూడా రాకపోతే ఆ రాత్రి బ్యాకప్ నడపండి. మళ్లీ వస్తే, పాత డ్రైవర్‌తోనూ వస్తోందంటే, ఇక కార్డునే అనుమానించాలి. వారంటీ వారికి డంపులు, 129 ఈవెంట్లు, డ్రైవర్, ఫర్మ్‌వేర్ వెర్షన్లు కలిపి పంపండి. అవి చేతిలో ఉంటే విండోస్ తిరిగి వేసి చూడమని మిమ్మల్ని వెనక్కి పంపలేరు.

కార్డు మార్చేటప్పుడు అదే మోడల్ తెప్పించండి, డిస్కులను ఏ స్లాట్‌లోవి ఆ స్లాట్‌లోనే ఉంచండి. రెయిడ్ అమరిక సమాచారం డిస్కుల మీద కూడా ఉంటుంది. కొత్త కార్డు దాన్ని చూసి ఫారిన్ కాన్ఫిగరేషన్ అని అడుగుతుంది, ఇంపోర్ట్, క్లియర్ అని రెండు దారులు చూపిస్తుంది. ఇంపోర్ట్ ఎంచుకోవాలి. క్లియర్ నొక్కితే అమరిక సమాచారం చెరిగిపోతుంది. ఆ మెనూ దగ్గర కూర్చునేది మీరు కాకపోతే, కూర్చునే మనిషికి ఈ మాట ముందే చెప్పి పంపండి.